ఎత్తుకోబోతే కరుస్తున్న చిన్న కుక్క: ఎక్కడ మొదలుపెట్టాలె?

నయీంనగర్_మూడో_అంతస్తు:

అందరికి నమస్తే. మాది హన్మకొండ నయీంనగర్ల అపార్ట్‌మెంటు. ఇంట్ల మేమిద్దరం, ఎనిమిదేండ్ల బాబు, మా అత్తమ్మ. కుక్క పేరు చింటు. మగది, రెండేండ్ల మూడు నెలలు, తూకం 6.2 కిలోలు, తెల్ల బొచ్చు. పామరేనియన్ అని చెప్పి 40 రోజుల పిల్లను ఇచ్చిండ్రు. టీకాలన్ని టైముకు వేయించినం. పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ చేయించలేదు. పొద్దుగాల పెరుగన్నం, రాత్రి చికెన్ అన్నం, మధ్యల బిస్కెట్లు.

ఇబ్బందులు నాలుగు. సోఫా మీదకెల్లి దించుదామని ఎత్తబోతే గుర్రుమంటది. మొన్న బాబు ఎత్తుకోబోతే చెయ్యి కొరికింది, రెండు గీతలు పడ్డయి, జరంత రక్తం కనిపించింది. రెండోది, కాలింగ్ బెల్ మోగితే పది నిమిషాలు ఆపకుండ మొరుగుడు. మూడోది, సోఫా మూలకు, కర్టెన్లకు ఒంటికి పోతది, అప్పుడప్పుడు పరుపు మీద గూడ. రోజు ఫినాయిల్ పెట్టి తుడుస్తున్నం. నాలుగోది, అందరం బయటికి పోతే ఒక్కటే ఏడుపు, కింది ఫ్లాటోళ్లు రెండుసార్లు చెప్పిండ్రు.

ఇప్పటిదాక చేసినవి: పేపర్ చుట్టి కొట్టుడు, ఒంటికి పోయిన కాడ మూతి పెట్టి రుద్దుడు, బాత్రూంల పెట్టి తలుపేసుడు. ఏదీ పని చెయ్యలేదు, కొరుకుడు ఇంక ఎక్కువైంది. ఏది ముందు సరిచెయ్యాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

తెల్లకోటు:

కుక్క సంగతి తర్వాత. ముందు బాబు చెయ్యి చూడండి. రక్తం కనిపించిందంటే ఇంట్లో పెంచుకున్న కుక్కే కదా అని వదిలెయ్యొద్దు. కరిచిన వెంటనే చేయాల్సింది పంపు ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. అప్పుడు చేయకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కాఫీ పొడి పెట్టకూడదు. ఈ రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకెళ్లండి. కుక్క టీకా పుస్తకం వెంట పెట్టుకోండి, రేబిస్ టీకా ఏ తేదీన పడిందో డాక్టరుకు చూపించాలి.

చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. కండకు ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను అడ్డుకునే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలా, ధనుర్వాతం ఇంజెక్షన్ కావాలా అనేది డాక్టరు నిర్ణయిస్తారు. కరిచిన రోజు నుంచి 10 రోజులు చింటును ఇంట్లోనే ఉంచి గమనించండి. తిండి మానేసినా, నడక మారినా, గొంతు మారినా, చొంగ కారినా వెంటనే పశువైద్యుడికి చెప్పండి. ఈ పది రోజులు చూద్దాంలే అని బాబు టీకా మాత్రం ఆపకండి.

మిగతాది రాత్రికి రాస్తాను. అప్పటిదాకా ఒక్కటి పాటించండి. ఇంట్లో ఎవరూ దాన్ని చేతులతో ఎత్తొద్దు.

భద్రకాళి_కట్ట:

ఒంటికి పోయే సంగతి నేను చెప్త. అక్క, మీరు రాసిన దాంట్ల రెండు వేరు వేరు అలవాట్లున్నయి, వాటిని ఒక్కటి అనుకుంటున్నరు.

సోఫా మూల, కర్టెన్ అంచు మీద కాలెత్తి రెండు చుక్కలు కొట్టుడంటే ఇది నా జాగ అని వాసనతోని గుర్తు పెట్టుకునుడు. మగ కుక్కకు ఆరేడు నెలలు దాటినంక ఇది మొదలైతది. పరుపు మీద మడుగు కట్టేటంత పోసుడు ఆపుకోలేక పోసుడు. అది టైము తప్పడం వల్ల గావచ్చు, ఒంట్ల బాగలేక గావచ్చు. ఘడియ ఘడియకు కూసుంటున్నదా? కొద్దికొద్దిగ వస్తున్నదా? ముక్కుతున్నదా, రంగు ఎర్రగున్నదా? ఇండ్ల ఏ ఒక్కటి ఉన్నా ముందుగాల మూత్ర పరీక్ష. మూత్రాశయంల రాయి గాని ఇన్‌ఫెక్షన్ గాని ఉంటే ఎంత నేర్పినా లాభం లేదు. మగ కుక్క ముక్కుతున్నా చుక్క రాకపోతే రాయి అడ్డం పడ్డట్టే అనుకోవాలె, తెల్లారేదాక ఆగొద్దు.

పరీక్షల ఏమీ లేదంటే ఇగ పద్ధతి. మొదటి మూడు వారాలు దినానికి ఆరుసార్లు కిందికి తీస్కపోవాలె: లేవంగనే, పొద్దటి తిండి అయిన 20 నిమిషాలకు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి తిండి అయినంక, పండుకునే ముందు. లిఫ్టు దాక నడిపిస్తే తొవ్వల గోడకు కొట్టుడు అలవాటైతది, అందుకే గుమ్మంల నుంచే బెల్టు పొట్టిగ పట్టుకోని ఆగకుండ నడువుండ్రి. రోజూ ఒక్కటే జాగకు పోండి. అక్కడ నిలబడి "ఒంటికి పో" అని ఒక్కసారి అనాలె. పోసుడు అయిపోయిన రెండు సెకండ్ల లోపల, అదే జాగల, ఉడకబెట్టిన చికెన్ ముక్క నోట్ల పెట్టాలె. ఇంటికొచ్చినంక పెడితే ఇంటికొచ్చినందుకు పెట్టిండ్రు అనుకుంటది.

ఇండ్ల చానామంది చేసే తప్పు ఒకటున్నది. పోసుడు కాంగనే వెనుకకు తిప్పి ఇంటికి గుంజుకొస్తరు. పోస్తే తిరుగుడు బంద్ అయితదని కుక్కకు అర్థమైతది. ఇగ వాసన చూసుకుంట ఆపుకుంటది, ఇంటికొచ్చి పరుపు మీద ఇడుస్తది. పోసినంక గూడ పది నిమిషాలు తిప్పాలె.

ఫినాయిల్ బంద్ పెట్టండి. అది మన ముక్కుకు వాసన కప్పుతది గాని కుక్క ముక్కుకు కప్పది. పైగా పాదాలకు అంటుకోని మంటపెడతది, అది పాదాలు నాకితే కడుపులకు పోతది. మూత్రానికని ఎంజైమ్ క్లీనర్ అమ్ముతరు, అది తెచ్చుకోండి. ముందుగాల ఉత్త నీళ్లతోని ఫినాయిల్ జిడ్డు పోయేదాక రెండుసార్లు తుడిచి, ఆరినంక ఎంజైమ్ పొయ్యాలె. ఫినాయిల్ ఉన్నకాడ ఎంజైమ్ పని చెయ్యది. తుడిచినట్టు గాదు, మూత్రం ఎంత లోపలికి ఇంకిందో అంత లోపలికి తడిసేటట్టు పోసి 15 నిమిషాలు ఇడిసిపెట్టి, బట్టతోని అద్ది, గాలికి ఆరబెట్టాలె. సోఫా స్పంజికి ఒక్కసారితోని పోదు, రెండు మూడు మార్లు పడ్తది. బ్లీచింగ్ మాత్రం మూత్రం మీద పొయ్యొద్దు, మూత్రంల అమోనియా దానితోని కలిస్తే ఊపిరికి హాని చేసే గాలి లేస్తది. నేరేడుపండు రంగు వెలుగు ఇచ్చే యూవీ టార్చి దొరుకుతది. రాత్రి లైట్లు ఆర్పి కొడితే పాత మరకలు మెరుస్తయి. మీరు అనుకోని జాగలల్ల గూడ బయటపడ్తయి, కుర్చీ కాళ్లు చూడుండ్రి.

ఇంట్ల ఉన్నంతసేపు మీ కంటి ముందట ఉండాలె, లేకుంటే బెల్టు మీ నడుముకు కట్టుకోండి. పడకగది తలుపు మూసే ఉంచండి. గుర్తు పెట్టుకునే మగ కుక్కలకు నడుముకు చుట్టే బెల్లీ బ్యాండ్ ఉంటది, అది సోఫాను కాపాడతది గాని అలవాటును మాన్పది. తడవంగనే మార్చాలె, లేకపోతే తోలు ఒరుస్తది. ఆపరేషన్ చేయిస్తే చానా కుక్కలల్ల ఈ గుర్తు పెట్టుడు తగ్గుతది. ఇన్ని దినాలు అలవాటైన దానికి ఆపరేషన్ ఒక్కటే సరిపోదు, పైన చెప్పినయన్ని నడవాలె.

మూతి రుద్దుడు మళ్ల చెయ్యకుండ్రి. మీరు చూస్తుండంగ పోస్తే దెబ్బలు పడ్తయని నేర్చుకుంటది, సోఫా ఎనక, మంచం కింద పోసుడు మొదలుపెడ్తది. బయట మీ ముందట పొయ్యాలన్నా భయపడ్తది.

తెల్లకోటు:

బాబుకు టీకా మొదలైందనుకుంటాను. ఇక కరవడం గురించి.

6.2 కిలోల తెల్ల కుక్క అంటే అది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. అసలు పామరేనియన్ సాధారణంగా 3 కిలోల లోపే ఉంటుంది. మన దగ్గర రెండింటినీ పామ్ అనే అమ్ముతారు. స్పిట్జ్ జాతి స్వభావంలోనే కాపలా ఉంది. అలికిడి వినగానే చెప్పడం దాని పని. 40 రోజులకే తల్లి నుంచి వేరు చేశారు. కనీసం 8 వారాలు తల్లితో, తోడబుట్టిన పిల్లలతో ఉంటే, ఎంత గట్టిగా కొరికితే అవతలి పిల్ల ఆట మానేస్తుందో కుక్కపిల్ల నేర్చుకుంటుంది. ఆ పాఠం చింటుకు సగంలో ఆగిపోయింది. దాంతో దాని పంటి అదుపు తక్కువ. పొగరు అనుకోవద్దు.

ముందు చింటు ఒళ్ళంతా పశువైద్యుడికి చూపించండి. ఎత్తినప్పుడు మాత్రమే గుర్రుమంటోందంటే నొప్పి ఉందేమో తేల్చుకోకుండా ఏ శిక్షణా మొదలుపెట్టకూడదు. చిన్న కుక్కల్లో నేను పేరు పెట్టి వెతకమనేవి ఇవి. మోకాలి చిప్ప జారడం: నడుస్తూ నడుస్తూ నాలుగడుగులు మూడు కాళ్ల మీద గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. పళ్ళ గార, చిగుళ్ళ వాపు, రాలకుండా మిగిలిపోయిన పాల పళ్ళు. చెవి దుర్వాసన. మలద్వారం పక్క గ్రంథులు నిండడం: పిర్రలు నేలకు రాస్తూ ఈడ్చుకుంటుంది. వెన్ను నొప్పి. ఇవన్నీ ఒక ఎత్తు, స్పిట్జ్‌కు ప్రత్యేకంగా చంకల్లో కట్టే జడలు ఒక ఎత్తు. ముంగాళ్ల కింద బొచ్చు ముడిపడి ఉంటే, అక్కడ చేతులు వేసి ఎత్తిన ప్రతిసారీ చర్మం లాగేస్తుంది. వేళ్లతో తడిమి చూడండి. ముడి ఉంటే కత్తెర వద్దు, చర్మం తెగుతుంది. ట్రిమ్మర్‌తో తీయించండి. వేళ్ల సందుల్లో, చెవుల్లో పిడుదులు ఉన్నాయేమో కూడా చూడాలి. నొప్పి తగ్గాలని మనం వేసుకునే మాత్రలు మాత్రం ఇవ్వకండి. ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ ఈ సైజు కుక్కకు ప్రాణం మీదికి తెస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. గుర్రుమనడాన్ని కొట్టి మాన్పించొద్దు. పెద్ద ఆల్సేషియన్ తల పక్కకు తిప్పుకుంటేనే మనం చెయ్యి వెనక్కి తీసుకుంటాం. చిన్న కుక్క అదే చేస్తే ముద్దుగా ఉందని ఇంకా దగ్గరికి లాక్కుంటాం. అది వద్దని చెప్పే వరుస ఇలా ఉంటుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. ముక్కు నాక్కుంటుంది. తల తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. ఒళ్ళు బిగదీసుకుని కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు గుర్రుమంటుంది, ఆ తర్వాత పళ్ళు చూపిస్తుంది, చివరికి కరుస్తుంది. పేపర్‌తో కొట్టినప్పుడు మధ్యలో ఉన్న ఆ హెచ్చరికలు చెరిగిపోతాయి. భయం అలాగే ఉంటుంది, చెప్పే మాట పోతుంది, నేరుగా కాటు మిగులుతుంది. కొరకడం ఎక్కువైందని మీరు రాసింది ఇందుకే.

రెండు వారాలు ఎత్తడం పూర్తిగా ఆపండి. సోఫా దిగాలంటే ఒక ముక్క నేల మీద వేసి "దిగు" అనండి. దిగగానే ఇంకో ముక్క. సోఫా పక్కన ఎనిమిది అంగుళాల పీట వేస్తే దూకే పని తప్పుతుంది, మోకాళ్లకూ మంచిది. నాలుగైదు రోజుల్లో ముక్క చూపించకుండా మాటకే దిగుతుంది. దిగాక మాత్రం ప్రతిసారీ ఇవ్వాలి.

తర్వాత తాకడం అలవాటు చేయాలి. కుక్క నేల మీద నిలబడి ఉండగా, చెయ్యి దాని వైపు జానెడు దూరం దాకా తీసుకెళ్లి, ఆగి, ముక్క ఇవ్వండి. చెయ్యి ముందు, ముక్క తర్వాత. ఇది తారుమారైతే ముక్క చూస్తేనే పట్టుకోబోతున్నారని బెదిరిపోతుంది. ఒళ్ళు మెత్తగా ఉండి, తోక తేలిగ్గా ఊగుతూ ఉంటే తర్వాతి మెట్టు: పక్కటెముకలను ఒక సెకను తాకడం. ఆ తర్వాత ఒక చెయ్యి ఛాతీ కింద. ఆ తర్వాత రెండో చెయ్యి పిర్రల కింద. ఆ తర్వాత కాళ్లు నేల మీదే ఉండగా బరువు కొద్దిగా తేల్చడం. ఆ తర్వాత అంగుళం ఎత్తి వెంటనే దించడం. పూటకు 3 నిమిషాలు, 10 సార్లకు మించి వద్దు. ఒక మెట్టు మీద వరుసగా రెండు రోజులు తేలిగ్గా ఉంటేనే పై మెట్టు. పైన రాసిన గుర్తుల్లో ఏది కనిపించినా ఒక మెట్టు దిగండి. ఎత్తే ప్రతిసారీ ముందు "ఎత్తుకుంటా" అని చెప్పండి. వెనక నుంచీ, నిద్రలోంచీ ఎత్తకూడదు.

బాబు ఈ పనిలో ఉండకూడదు. ఎత్తబోయేటప్పుడు పిల్లల మొహం కుక్క మొహానికి దగ్గరగా వస్తుంది. బాబు చేయాల్సింది వేరు: కూర్చుని తొడ మీద తట్టి పిలవాలి, వస్తే మెడ పక్కన 3 సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. చింటు మళ్లీ ఒత్తుకుని వస్తే ఇంకో 3 సెకన్లు, పక్కకు పోతే వదిలెయ్యాలి. పెద్దవాళ్లు గదిలో లేనప్పుడు ఇద్దరినీ ఒకచోట ఉంచకండి.

నయీంనగర్_మూడో_అంతస్తు:

బాబుకు మొదటి డోసు పడ్డది. చంకల నిజంగనే రెండు ముడులున్నయి, రేపు తీయిస్తం. మీ ఇద్దరికి చానా థాంక్స్. ఇంకొన్ని అనుమానాలు. మాటమాటకు చికెన్ పెడితే లంచానికి అలవాటు పడదా, లావు గాదా? మా పక్కింటి అన్న చోక్ చైన్ వెయ్యుమంటున్నడు, ఎల్లకిల వేసి అదిమి పెడితే నువ్వే పెద్ద అని తెలుస్తదంట. నిజమేనా? బెల్ సంగతి, ఏడుపు సంగతి గూడ ఎవరన్న చెప్పండి.

కాజీపేట_జంక్షన్:

చోక్ చైన్ వద్దు. స్పిట్జ్, పామ్, యార్కీ (యార్క్‌షైర్ టెర్రియర్) లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బు ఉంది. మెడ లాగినప్పుడు బాతు అరిచినట్టు దగ్గు వస్తుంటే అనుమానించాలి. చైన్ కాదు, మామూలు మెడపట్టీకి కూడా బెల్టు తగిలించకండి. ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. వేసిన తర్వాత పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు పట్టాలి. వదులైతే వెనక్కి జారి తప్పించుకుంటుంది, వీధి కుక్కల మధ్య అదే ప్రమాదం.

అదిమి పెట్టడం వెనక ఉన్న కథ ఇది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త బోనులో ఉంచిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం పోట్లాడతాయని రాశాడు. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒకచోట పెడితే జరిగింది అది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు. ఆ మాట ప్రచారం కావడానికి కారణమైన వాళ్లలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ స్వయంగా 1999లో దాన్ని సరిదిద్దాడు. కరిచే కుక్కను వెల్లకిలా అదిమితే మీ మొహం దాని పళ్ళకు దగ్గరగా ఉంటుంది, జరిగేది అంతే.

లంచం అనుమానానికి లెక్క చెబుతాను. ఆరు కిలోల కుక్కకు రోజుకు సుమారు 400 నుంచి 430 కిలోకాలరీలు చాలు. శిక్షణ ముక్కలు అందులో పదో వంతు దాటకూడదు, అంటే 40 చిల్లర. ఎముక లేని ఉడికించిన చికెన్ 25 గ్రాములు అంతే ఉంటుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి శనగ గింజంత ముక్కలు చేస్తే 80 దాకా వస్తాయి, ఒక రోజుకు సరిపోతాయి. ఆ మేరకు బిస్కెట్లు పూర్తిగా ఆపండి. ముక్క చూపించి పని చేయిస్తే లంచం. పని అయ్యాక ఎక్కడి నుంచో తీసి ఇస్తే కూలి. ముక్కలు జేబులో కాకుండా అలమారలో డబ్బాలో పెట్టుకుంటే ఈ తేడా దానంతటదే వస్తుంది.

ఇంకో మాట, ఇది ఎవరూ పట్టించుకోరు. మన ఇళ్లలో ఒకరు "కూసో" అంటారు, ఇంకొకరు "సిట్" అంటారు, మూడో వాళ్లు "బైఠ్". కుక్కకు అవి మూడు శబ్దాలు. నలుగురూ కూర్చుని ఆరు మాటలు తేల్చుకుని ఫ్రిజ్ మీద అంటించండి. పని సరిగ్గా చేసిన క్షణంలో అనే మాట కూడా ఒకటే ఉండాలి. "భేష్" చిన్నగా ఉంటుంది, మామూలు మాటల్లో రాదు. భేష్ అన్న వెంటనే ముక్క.

బెల్ విషయం. డెలివరీ అబ్బాయి బెల్ కొడతాడు, చింటు మొరుగుతుంది, అతను పార్సిల్ ఇచ్చి వెళ్లిపోతాడు. తాను మొరిగినందుకే వెళ్లిపోయాడని చింటు లెక్క. రోజుకు మూడుసార్లు ఆ లెక్క రుజువవుతోంది. మీరు "చింటూ ఆపు" అని అరిస్తే దానికి మీరు కూడా గొంతు కలిపినట్టే ఉంటుంది.

ముందు ఆ రుజువును ఆపాలి. బెల్ వైరు తీసెయ్యండి, తలుపు మీద "బెల్ లేదు, ఫోన్ చేయండి" అని కాగితం అంటించండి. బాల్కనీ గ్రిల్‌కు కింద రెండడుగుల మేర గ్రీన్ నెట్ కట్టండి, రోడ్డు కనిపించదు. గుమ్మానికి ఆరేడడుగుల దూరంలో ఒక గోనెపట్టా పరచండి. మొదటి మూడు రోజులు బెల్ ఊసే వద్దు. పట్టా మీద నాలుగు కాళ్లు పడితే భేష్, ముక్క. కూర్చుంటే రెండు. పూటకు మూడు నాలుగు నిమిషాలు చాలు.

నాలుగో రోజు మీ బెల్ శబ్దాన్నే ఫోన్లో రికార్డు చేసి అతి తక్కువ సౌండులో వినిపించండి. చెవి కదలాలి, మొరగకూడదు, సౌండు అంత ఉండాలి. వినిపించిన వెంటనే పట్టా మీద మూడు ముక్కలు వరుసగా వేయండి. పూటకు 10 సార్లు. అందులో 8 సార్లు మొరగకుండా పట్టా వైపు చూస్తే మరుసటి పూట ఒక గీత పెంచండి. మొరిగితే రెండు గీతలు తగ్గించండి. పూర్తి సౌండుకు వచ్చాక ఇంట్లోవాళ్లతో అసలు బెల్ కొట్టించండి, తర్వాత వాచ్‌మన్‌తో, తర్వాత కొత్తవాళ్లతో. ఇది మూడు నుంచి ఆరు వారాల పని. మధ్యలో ఒక్కసారి తొందరపడి కొత్త మనిషిని పిలిస్తే వారం వెనక్కి పోతుంది. పూర్తిగా మొరగని స్పిట్జ్ కావాలంటే కుదరదు. రెండుసార్లు మొరిగి పట్టా మీదికి వెళ్లడం దాకా తేవచ్చు, దానితో తృప్తి పడాలి.

భద్రకాళి_కట్ట:

ఏడుపు గురించి. ముందుగాల అది భయమా, తోచకనా అనేది తెలుసుకోవాలె. పాత ఫోన్‌ల వీడియో కాల్ పెట్టి అరగంట బయటికి పోండి. మీరు పోయిన రెండు మూడు నిమిషాలల్లనే అటిటు తిరుగుడు, చొంగ కారుడు, తలుపు గీరుడు, పెట్టిన చికెన్ గూడ ముట్టకపోవుడు ఉంటే అది భయం. కొంచెంసేపు పండుకోని లేచి చెప్పులు కొరికితే, రోడ్డు మీది చప్పుడుకు మొరిగితే, తోచక.

తోచకుంటే పని కల్పించాలె. పొద్దటి తిండి గిన్నెల గాకుండ పాత తువ్వాలల చుట్టి ముడేసి, అట్ట డబ్బాల కాగితపు ఉండల కింద ఏసి ఇయ్యండి. ముక్కుతోని ఎతుక్కునుడు కుక్కను బాగ అలసిపోయేటట్టు చేస్తది. పెరుగన్నం తువ్వాలల పట్టదు గాబట్టి ఆ పూటకు పొడి తిండి మారుస్తే నయం, వారం రోజులల్ల కొద్దికొద్దిగ కలుపుకుంట మార్చాలె.

భయమైతే ఓపిక గావాలె. మీరు తాళంచెవి తీసుడు, చెప్పులేసుడు, బ్యాగు పట్టుడు చూడంగనే దానికి గుండె దడ మొదలైతది. అందుకే వాటికి అర్థం లేకుండ చెయ్యాలె. తాళాలు తీసి సోఫాల కూసోండి. చెప్పులేసుకోని వంటింట్లకు పోయి రండి. దినానికి పది పదిహేనుసార్లు. నాలుగైదు రోజులకు పట్టించుకోదు. అప్పుడు తలుపు. తెరిచి మూసుడు, ఐదు సెకండ్లు బయట, పది, మల్ల ఐదు, ఇరవై, పదిహేను, ముప్పై. ఎప్పటికి పెంచుకుంట పోవద్దు, నడుమ నడుమ తగ్గించాలె, లేకుంటే ఈసారి ఇంక ఎక్కువసేపు పోతరని కనిపెడ్తది. ఏడ్వకముందే లోపలికి రావాలె. ఏడ్చిందంటే మీరు ఎక్కువసేపు పోయిండ్రన్నట్టు, మర్నాడు ఆ టైముల సగం కాడ మొదలుపెట్టుండ్రి. సెకండ్ల నుంచి అరగంటకు వచ్చుడే కష్టం, అక్కడికెల్లి గంట, రెండు గంటలకు తొందరగనే పోతది.

ఈ నేర్పే దినాలల్ల నిజంగ ఒక్కదాన్ని ఇడిసిపోవద్దు, ఇడిస్తే చేసిందంత పోతది. మీ అత్తమ్మ ఉంటరు గద, బయటి పనులు ఆమె ఇంట్ల ఉన్నప్పుడు పెట్టుకోండి. బాత్రూంల మూసుడు ఇగ బంద్. ఒక్కతి ఉండుడంటేనే భయపడేదాన్ని చీకటి గదిల ఏస్తే భయం రెట్టింపైతది. ఆర్నెల్లకు గూడ రెండు నిమిషాలు దాటకపోతే, గోళ్లు చీల్చుకునేటంత తలుపు గీరుతుంటే డాక్టరును అడగండి, ఇసొంటి భయానికి మందులున్నయి.

ఇంటికొచ్చేసరికి ఏదన్న పాడు చేసి, తల వంచుకోని మూల కూసుంటే తప్పు తెలిసిందనుకోని తిడ్తరు. 2009ల కుక్కల మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ఒక ప్రయోగం చేసింది. వద్దన్న తిండి తిన్న కుక్కా తినని కుక్కా, యజమాని తిడితే రెండూ అదే మొహం పెట్టినయి. అది తప్పు తెలిసిన మొహం గాదు, మీ కోపం చూసి పెట్టే మొహం.

నయీంనగర్_మూడో_అంతస్తు:

ముడులు తీయించినం, మోకాలు బాగానే ఉన్నదన్నరు, పైన ఎడమ పక్క రెండు పాల పళ్లు రాలకుండ ఉన్నయంట. ఆపరేషన్ చేసినప్పుడే అవి గూడ తీస్తమన్నరు. ఇవన్ని ఒక్కసారే మొదలుపెట్టాల్నా? ఎండల ఎప్పుడు తిప్పాలె?

తెల్లకోటు:

ఒకే మత్తులో రెండూ చేయడం మంచి ఆలోచన. ఆపరేషన్ తర్వాత కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, తాకే శిక్షణ ఆపండి. నోరు నొప్పిగా ఉన్నన్ని రోజులు మెత్తటి తిండే పెట్టండి.

అన్నీ ఒకేసారి వద్దు. ఇవాళ్టి నుంచే చేయాల్సినవి ఆపే పనులు: ఎత్తడం, కొట్టడం, బాత్రూం, ఫినాయిల్, బెల్. వీటికి శిక్షణ అక్కర్లేదు. వాటితోపాటు ఆరుసార్లు కిందికి తీసుకెళ్లడం, "దిగు" మాట. కుట్లు మానాక తాకడం, పట్టా. చివర్లో తలుపు పని. రోజూ ఒక నోట్‌బుక్కులో ఇంట్లో ఎన్నిసార్లు పోసింది, ఎప్పుడు గుర్రుమంది, అప్పుడు ఎవరు ఏం చేస్తున్నారు అని రాసుకోండి. రెండు వారాల పేజీలు పక్కపక్కన పెడితే ఏ గంటలో, ఎవరి దగ్గర జరుగుతోందో కనిపిస్తుంది. డాక్టరుకు కూడా ఆ పేజీలే ఎక్కువ పనికొస్తాయి.

ఎండాకాలంలో పొద్దున ఆరున్నర లోపు, సాయంత్రం ఏడు దాటాక. అరచెయ్యి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది వేడే. మధ్యాహ్నం తీసుకెళ్లేది ఒంటికి మాత్రమే, అది కూడా నీడలో, మట్టి మీద, రెండు మూడు నిమిషాలు. చల్లదనానికని బొచ్చు నున్నగా గీయించకండి. స్పిట్జ్‌కు పైబొచ్చు ఎండ నుంచి అడ్డం, గీసేస్తే కొన్నిసార్లు సరిగా తిరిగి రాదు. లోపలి మెత్తటి బొచ్చును దువ్వెనతో రోజు విడిచి రోజు దువ్వి తీస్తే చాలు, చంకల్లో ముడులు కూడా పడవు.